శనివారం, ఇరవై లీటర్లు

బ్ర్నోలో, నాలుగో అంతస్తులో,
జ్దిస్లావా ఇంట్లో ఒక సముద్రముంది.
ఈ దేశానికి ఏ వైపూ తీరం లేదు.

దాని కింద మూడో అంతస్తు నాది.
మా స్నానాల గది కప్పు మీద తెల్లగా ఒక పటం,
ఏ దేశానిదో తెలీదు, ఏటా సరిహద్దులు మారుతుంటాయి.
ఒకసారి గోటితో గీకి నాలుక మీద వేసుకున్నాను:
ఉప్పే.

శనివారం మూడయ్యేసరికి పైన మొదలవుతుంది.
ముందు సన్నగా మోటారు రొద,
తర్వాత చెక్కనేల మీద బకెట్టు ఈడ్చిన చప్పుడు,
ఆ తర్వాత పాత నీళ్ళు గొట్టంలోంచి
నా గోడ పక్కనే దిగుతాయి, దగ్గుకుంటూ.
పదకొండేళ్ళుగా నాకు వేరే క్యాలెండరు లేదు.

ఆవిడ ట్రామ్ నడిపేది.
చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుని
బూట్లు పాడవుతున్నాయని తిట్టుకుంటూ వచ్చి,
ఇంట్లో అదే ఉప్పుని గ్రాముల్లో తూచేది.
అదే కాదులెండి. ఇది ఖరీదైనది.

"ఎన్నాళ్ళకోసారి మార్చాలి?" అన్నాను మెట్ల మీద.
వారానికి పదోవంతు అంటాడట కొట్టతను,
ఉప్పు అమ్మేదీ అతనే మరి.
నెలకోసారి చాలంటాడట పళ్ళ డాక్టరు బోర్జివోయ్,
అతని తొట్టి నిండా పాచి.
ఓస్ట్రావాలో ఒకాయన రెండేళ్ళుగా
చుక్క కూడా మార్చలేదట,
పగడాలు అరచేతులంత అయ్యాయట.
"మరి మీరు?"
"శనివారం. ఇరవై లీటర్లు."
తర్వాతి స్టాపు పేరు చెప్పినట్టు చెప్పింది.

ఫిబ్రవరిలో తుంటి ఎముక ఆపరేషను.
తాళంచెవి నాకిచ్చి వెళ్ళింది.
ఫ్రిజ్ మీద కాగితం:
*నీళ్ళు ముందురోజే కలుపు. రాత్రంతా తిరగనీ.
వేడి ఇరవై అయిదు. ఉప్పు ముప్పై అయిదు.
చూడు. మళ్ళీ చూడు. అప్పుడు పొయ్యి.
ఆలోచించకు.*

మొదటి శనివారం బాగానే గడిచింది.
ఎర్రచారల రొయ్య ఒకటి వచ్చి
నా గోళ్ళ సందులు శుభ్రం చేసి వెళ్ళింది,
నాకు కూలి ఇచ్చినట్టు.

రెండో శనివారం ఆలోచించాను.
పరీక్ష గొట్టంలో నీరు గులాబీ రంగుకి తిరిగింది.
అట్టముక్క మీద రెండు గులాబీలున్నాయి,
ఒకటి క్షేమం, ఒకటి ప్రమాదం,
కిటికీ దగ్గర ఒకటి, దీపం కింద ఇంకొకటి.
భయమేసి ఆదివారం మళ్ళీ ఇరవై.
సోమవారం ఇరవై.
మంగళవారం, చేతులు ఊరుకోక, ముప్పై.

బుధవారం తెల్లారేసరికి
గొడుగులా ఉండే తోలు పగడం
పిడికిలి బిగించుకుంది.
చేపలు పంపు వెనక చేరాయి.
పిలిచినా రొయ్య రాలేదు.

ఆసుపత్రికి ఫోన్ చేశాను.
అవతల ఎవరిదో టీవీ, ఎవరిదో చెంచా.
"ఎన్నిసార్లు?"
"నాలుగు."
చాలాసేపు ఏమీ అనలేదు.
"ఇంక ముట్టుకోకు. కుర్చీ వేసుకుని కూర్చో."

కూర్చున్నాను.
బయట మంచు, లోపల నీలం వెలుగు.
ఏమీ చేయకుండా ఉండటం
బకెట్టు మోయడం కన్నా బరువని
నాకెవరూ చెప్పలేదు.
రోజూ సాయంత్రం ఆ పిడికిలిని చూడటం,
కిందికి వచ్చి పడుకోవడం.
మధ్యలో శనివారం వచ్చింది. మూడయింది.
గోడలో ఏ దగ్గూ లేదు.

తొమ్మిదో రోజు పగడం ఒంటి మీంచి
పల్చటి పొర ఒకటి ఊడి, ప్రవాహంలో తేలిపోయింది.
సాయంత్రానికి అంచున ఒక్క వెంట్రుకంత మొలక,
పక్కన ఇంకోటి.
ఎవరికి చెప్పాలో తెలీక
మెట్ల దాకా వెళ్ళి వెనక్కొచ్చాను.

చంకకర్రలతో వచ్చిందావిడ.
కోటు కూడా విప్పకుండా వేలు ముంచి
నాలుక కొసకి తాకించుకుంది.
"ఉప్పు సరిపోయింది" అంది.
మిగతా దేని గురించీ అడగలేదు.

ఇప్పుడు బకెట్లు నేనే మోస్తాను.
శనివారం, మూడింటికి, ఇరవై.
ఎందుకంత అని అడగడం మానేశాను.
చేతులకి మాత్రం ఇంకా అనిపిస్తుంటుంది,
ఇంకొక్క చెంబు, ఇంకొక్కటే, అని.

మా కప్పు మీది పటానికి
కొత్తగా ఒక ద్వీపకల్పం మొలిచింది.
ఇంటి యజమాని ఉత్తరం రాశాడు.
ఇంకా జవాబివ్వలేదు.