జవాబులు మాత్రమే వినిపించే వీధి

మా నాన్నకు చెవుడొచ్చిన ఏడాది నుంచి
లాము దీవిలో రహస్యాలు నిలవడం మానేశాయి.

అసర్ నమాజయ్యాక మసీదు అరుగు మీద
ఆయన ఒళ్ళో నా బడి పలక.
అడిగేవాళ్ళు సుద్దముక్కతో రాస్తారు,
రాయడం రానివాళ్ళు నా చెవిలో చెబుతారు.
ప్రశ్నకు చప్పుడుండదు.
జవాబు మాత్రం
రేవులో లంగరేసిన పడవల దాకా వెళ్తుంది.
తన గొంతు తనకే వినపడని మనిషి
ఎంతని మెల్లగా మాట్లాడగలడు?

"విరగదమ్మా! ఉమ్మి మింగితే రోజా విరగదు!
నీ నోట్లో ఊరింది నీదే!"
కొబ్బరి తురిమే ఆడవాళ్ళు చెయ్యాపి
ఎవరై ఉంటారని మొహాలు చూసుకుంటారు.

"నాలుక కొసన ఉప్పు చూసి ఊసెయ్యి,
మొగుడి చేత తిట్లు తినడం కంటే అదే మేలు!"
ఈసారి ఎవరో అందరికీ తెలుసు.
బ్వానహేరి ఆ వారమంతా
తల దించుకునే చేపలమ్మాడు.

"తిను తల్లీ, తిను!
లోపలున్నవాడికి రంజాను ఇంకా రాలేదు.
కాన్పయ్యి ఒంట్లో సత్తువొచ్చాక
చేబదులు తీర్చినట్టు ఒక్కో రోజే తీర్చుకో!"
చీకటి పడేసరికి మ్వనకొంబో అత్తగారింటికి
ఏడు గిన్నెల సేమియా చేరింది.
పాపం, ఆ పిల్ల ఇంకా మొగుడికే చెప్పలేదు.

పడవల వడ్రంగి షీ రాసింది
తప్పులతో సహా గుర్తుంది నాకు:
కిబ్లా మాకు ఉత్తరం. ధ్రువతార కనబడదు,
సముద్రం అంచు కిందెక్కడో ఉంటుందట.
మబ్బు రాత్రి, నమాజు మధ్యలో
పడవ గిర్రున తిరిగితే నేనెటు తిరగను?
నాన్న గడ్డం నిమురుకున్నాడు.
"తెలిసినంత వరకు తిరుగు, నిలవలేకపోతే కూచో.
ఆపైన తిరిగేది పడవ.
దాని లెక్క దాన్నే అడుగుతారులే."

జకాతు ప్రశ్నల తీరు వేరు.
రాసీ రాయగానే అరచేత్తో తుడిచేస్తారు.
బస ఇల్లు నడిపే మహ్ఫూద్
మూడు రోజులు వరసగా వచ్చాడు,
ఒకే ప్రశ్నకు మూడు చొక్కాలు తొడిగి.
చెల్లెలి పేర దాచిన డబ్బు నాదేనా?
రావలసిన బాకీ ఉన్నట్టా, లేనట్టా?
ఏడాది నిండే ముందురోజు ఖర్చు పెట్టేస్తే?
మూడో రోజు నాన్న పలక తిరగేసి చూశాడు
వెనకాలేమైనా మిగిలిందేమోనని.
"నలభైలో ఒకటి, నాయనా!
ముప్పై తొమ్మిది నీకే వదిలాడు.
ఇంకా బేరమా?"
రేవులో ఎవరో పగలబడి నవ్వారు.

ఇరవై ఏడో రోజు బీ సలామా వచ్చింది.
నన్ను పక్కకు జరగమని తనే రాసింది.
చెరిపింది. మళ్ళీ రాసింది.
ఆమె కొడుకెక్కిన పడవ కియుంగా వైపు పోయి మూడేళ్ళు.
ఆమె నమాజు చాప దూలం మీద
చుట్ట విప్పకుండా ఉండటం నేను చూశాను,
ఎవరికీ చెప్పలేదు.

నాన్న చదివాడు.
తురుము ఆగింది. షీ సుత్తి ఆగింది.
వీధి వీధంతా చెవి అయింది.
ఆయన నోరు తెరిచి, మూసి,
నా వైపు చెయ్యి చాపాడు, సుద్దముక్క కోసం.

ఆమె ఆ జవాబు చదువుకుంది,
బురఖా అంచుతో తుడిచి పలక నాకిచ్చింది.
తడిగా ఉంది.
ఎండకు ఏటవాలుగా పట్టుకుంటే
గీతలు కనబడతాయని నాకు తెలుసు.
బావి దగ్గరికి తీసుకుపోయి కడిగేశాను.

తిరిగొచ్చేసరికి గాడిదలు తోలే బాదీ నిలబడున్నాడు,
ఒక చేతిలో ఎవరో ఇచ్చిన ఫిత్రా బియ్యం మూట.
నా చెవిలో అడిగాడు:
పుచ్చుకున్నవాడు కూడా ఇవ్వాలా?

"రాత్రికీ రేపటికీ వండుకోగా మిగిలితే," అరిచాడు నాన్న,
"నాలుగు దోసిళ్ళు, అందులోంచే!"
వాడు తన దోసిలి పట్టి చూసుకున్నాడు.
చాలా చిన్నది.
"పెద్దవాళ్ళ దోసిలి!" అన్నాడు నాన్న,
వాడింకా అడగకముందే.