రెండు మెట్లు

పరకాల అంగడి బజారుల నా దుకాణం.
పత్తికి మందు కొట్టే పంపులు, కుట్టుమిషన్లు,
తాళంచెవి పోయిన బీరువాలు,
వీటి మీదనే నా బువ్వ.

జనవరి ఇరవై నాలుగు, పొద్దుగూకే యాళ్లకు
హెడ్డు రాజమొగిలి గోనెసంచిల సుట్టి తెచ్చిండు.
"ఆర్మరరు బిడ్డ పెండ్లని లీవుల పోయిండు,
ఎల్లుండి కవాతుల ఇది భుజం ఎక్కాలె.
ఘోడా ఇరిగింది, జర సూడు."

సంచి ఇప్పిన.
త్రీనాట్‌త్రీ.
ఇనుము మీద 1943 అని గుద్ది ఉంది,
నాకంటె ముప్పై ఎనిమిదేండ్లు పెద్దది.
ఫౌజోళ్లు వద్దన్నంక పోలీసులకు,
పోలీసులు వద్దన్నంక కవాతుకు,
పండ్లూడిన ఎద్దు లెక్క చేతులు మారి మారి
నా బల్ల మీద ఒరిగింది.
కట్టె మాత్రం నున్నగుంది,
ఎందరి అరచేతుల చెమట తాగిందో.
మడిమె కాడ ఇత్తడి రేకు సొట్టపడ్డది.
ఆ సొట్ట దిక్కు ఎక్కువసేపు సూడలే.

తొంబై ఒకటిల నాయినను జీపెక్కించిన్రు.
"తపంచాలు ఎవలకు చేసిస్తున్నవ్ సదానందం?"
"కొడవండ్లు చేస్త సారూ, నాగటి కర్రులు చేస్త."
మూడు రాత్రులు అదే అడుగుడు, అదే చెప్పుడు.
నాలుగో నాడు ఇంటికొచ్చిన కుడిచెయ్యి
మళ్ల భుజం దాటి లేవలే.
ఎడమచేత్తోటి సుత్తె పట్టుడు నేర్సుకున్నడు.
నాకు పదేండ్లు, తిత్తి నేనే ఊదిన.
కొడవండ్లే చేసేటోడని
బడిల చెప్పిన, కులపోళ్లల్ల చెప్పిన,
పిల్లనిచ్చిన మామకు ఒట్టేసి చెప్పిన.

ఇగ పని.
సీల తట్టి ఘోడాను బయటికి తీసిన.
చిటికెన వేలంత లేదు.
నెత్తి మీద పక్కపక్కన రెండు బొడిపెలు,
అండ్ల ఒకటి సగానికి లేదు.
అతుకు పెడితే ఆగదు.
పాత లారీ పట్టీ ముక్క కోసి
రాత్రంత ఆకురాయి తోటి కొత్తది చెక్కిన.
కొలిమిల కాల్చి, నూనెల ముంచి, తోమి,
సన్న సెగకు పెట్టి కండ్లార్పకుంట కూసున్న.
ఎండిన గడ్డి రంగు వచ్చింది,
అది దాటి వంకాయ రంగు తిరగంగనే తీసిన.
ఇంక రెప్పపాటు ఆగితే మెత్తబడ్తది,
రెప్పపాటు ముందైతే పెళుసు.
పుస్తకంల సదివింది కాదిది,
నాయిన నోరిప్పకుంట చూపెట్టింది.

బిగించినంక సమజైంది
ఆ రెండు బొడిపెల కత.
వేలు గుంజితే మొదలు మెత్తగ వస్తది,
దూడ నోట్లకెల్లి పలుపు తీసినంత అల్కగ.
ఆడ ఆగుతది.
ఆ తర్వాత గట్టి మెట్టు,
అది దాటితె ఇగ మన చేతుల లేదు.
ఎనకటి సిపాయి కోసం ఎవడు తయారు చేసిండో గని
మనిషి మనసు మార్సుకునేటందుకు
పావు అంగుళం జాగ విడిచిండు.
ఆ రాత్రి నాయిన మీద కట్టె తిప్పినోనికి
ఆ జాగ గూడ అక్కర పడలే.
కట్టెకు మెట్లుండయ్ కదా.

నేను మొదటి మెట్టును
వెంట్రుకవాసి పొడుగు పెట్టిన.
ఎవ్వలకు చెప్పలే.

తెల్లారంగ ఖాళీ తుపాకి గోడ దిక్కు పట్టి గుంజిన.
టక్కుమంది.
అర్ర లోపట నాయిన దగ్గు ఆగింది.

రాజమొగిలి చాయ తాగి, రెండు తీర్ల గుంజి సూసి
"మస్తు పని చేసినవ్ రా తమ్మీ" అని
మూడు వందలు బల్ల మీద పెట్టిండు.
చిట్టీ రాయమన్నడు,
"పంపు రిపేరు" అని రాసిచ్చిన.
మోపెడు సప్పుడు అంగడి మలుపు దాటేదాక
లోపట దగ్గు లేదు.

నాయిన గోడ పట్టుకుంట గడప దాక వచ్చిండు.
నా బల్ల మీది ఇనుప రజను
ఎడమచేత్తోటి కుప్ప చేసిండు.
పానం నిమ్మలంగ ఉన్నట్టే ఉంది.

"రెండో మెట్టు గట్టిగనే పెట్టినవా?
ఆ జాతిదానికి అదే రోగం,
తొందరగ అరుగుతది."

ఏం తుపాకో నేను చెప్పలే.
మెట్ల ముచ్చట అసలే చెప్పలే.

ఆకురాయి తుడ్సిన.
తుడ్సిందే తుడ్సిన.