మేకు

పలకల ఫ్యాక్టరీలో నా పని చట్రాలు బిగించడం.
నాలుగు చెక్కపుల్లలు, నడుమ నల్లరాయి,
మూలకొక బుల్లిమేకు.
ఇరవై రెండేళ్లుగా ఎన్ని కొట్టానో
లెక్క రాయాలంటే మార్కాపురం పలకలన్నీ చాలవు.
అయినా గోడకి మేకు కొట్టడమెట్లాగో
మొన్నటిదాకా నాకు తెలీదు.

"గోడలకి మేకులు కొట్టకూడదమ్మా."
ఏడు అద్దెకొంపల్లో ఏడుగురు ఓనర్లూ
అడ్వాన్సు లెక్కబెట్టుకుంటా చెప్పిన మాట.
దానికి ముందే అడిగేది ఇంకోటుంది:
"ఇంతకీ మీరేమిట్లు?"
దూదేకులోళ్లమండీ అంటే
సాయిబుల వీధిలో "ఉర్దూ రాదా?" అన్నారు.
పై బజార్లో నా పేరు దస్తగిరమ్మ అని విని
"మా బంధువులొస్తున్నారు, ఇల్లు ఖాళీ లేదు" అన్నారు.
ఆ టులెట్ బోర్డు
ఆర్నెల్లు అట్లానే వేలాడింది.
దాన్ని మాత్రం మేకుకే తగిలించారు.

సామానంతా ఒక ట్రాలీ ఆటోకి సరిపోయేది,
మా మామ దూదేకే విల్లు తప్ప.
మనిషికన్నా పొడుగు.
మంచం కింద పట్టదు, మూలన నిలవదు,
గోడకి తగిలించాల్సిన వస్తువది.
మౌలాలి దాన్ని భుజానేసుకుని
ఆటో వెనకాల సైకిలు మీదొచ్చేవాడు.
ఆ విల్లుతో మామ ఏకిన దూది మీద
ఈ ఊళ్లో ఎంతమంది మెత్తగా నిద్రపోయారో!
ఆయన మాత్రం నాలుగో అద్దింటి బయట,
చినుకుల్లో, పట్టా కప్పుకుని పడుకున్నాడు ఆఖరి రాత్రి.
పీనుగని లోపలుంచొద్దన్నారు.
తప్పు కాదులే, వాళ్ల ఇల్లది.

తర్లుపాడు రోడ్డు అవతల సెంటు జాగా
నా పేరున పట్టా వచ్చింది.
అడుగులేసి కొలిచా. తిరిగొచ్చి మళ్లీ కొలిచా.
"ఇంతేనా అమ్మా?" అన్నాడు పిల్లోడు.
ఇంతే నాయనా.
కానీ దీన్ని ఖాళీ చెయ్యమనేవాడు ఇంకా పుట్టలా.

బ్యాంకులో సారు జీతం కాయితం అడిగాడు.
మాకు శనివారం సాయంత్రం చేతికిస్తారు సార్, కాయితముండదు.
షూరిటీ? అన్నాడు.
సుత్తి దెబ్బలకి నల్లబడ్డ బొటనేలు చూపించా.
ఆయన కంప్యూటర్ వైపు తిరిగాడు.
అప్పుడు మా సంఘం లీడరు ఏసమ్మ
పదిమంది పొదుపు పుస్తకాలూ బల్ల మీద దబ్బున పడేసి
కుర్చీ లాక్కుని కూర్చుంది.
"ఆమె కట్టకపోతే మేం కడతాం. రాసుకోండి."
ఎంతసేపు కూర్చుందో చెప్పను.
ఫ్యాన్ ఆపినా లేవలా.

పునాది బిల్లు ఎండాకాలం పడింది.
లింటెల్ బిల్లు ఇంకా పడతానే ఉంది.
శ్లాబులోకి నా కమ్మలు పోయాయి.
ట్యాంకరు రాని రోజుల్లో
తాగే నీళ్లు గోడలకి తాపించాం.
ఇప్పటికీ కరెంటు మీటరు లేదు,
తలుపు చోట పాత చీర,
గోడలకి పూత ఒక్క గదిలోనే.

ఫ్యాక్టరీ మేకులు దీనికి చాలవు.
కొట్టుకెళ్లి, ఉన్నవాటిలో పెద్దదివ్వమన్నా.
"ఏం తగిలిస్తావమ్మా?" అన్నాడు కొట్టాయన.
అది ఆయనకెందుకు?

మొదటి దెబ్బ కొట్టి
గబుక్కున వెనక్కి చూశా,
"ఎవరదీ?" అని ఎవరో అరుస్తారని.
ఎవరూ లేరు.
రెండు ప్లాట్ల అవతల కోటేశ్వరి ఇంట్లోనుంచి కూడా
టక్ టక్ మని వినిపిస్తా ఉంది.

విల్లు తగిలించాం.
మౌలాలి నరాన్ని వేలితో మీటితే
తుంయ్ మంది. దుమ్ము రాలింది.
ముగ్గురం ఏం మాట్లాడకుండా
ఆ మోత ఆగేదాకా నిలబడ్డాం.

పూత ఇంకా పచ్చిగానే ఉన్నట్టుంది,
పొద్దున చూస్తే మేకు కాస్త కిందికి వంగింది.
వంగితే వంగనీ.
పక్కన ఇంకోటి కొడతా.