రెండో అంకె దాకా

పర్లాకిమిడి నుంచి పాసింజరులో
కిటికీ పక్క సీటు దానికే ఇచ్చి
గుణుపూర్ దాకా నేను నిలబడి వచ్చాను.
చెక్క పెట్టె. తోలు తొడుగు చిట్లింది.
చేతిపిడి తెగితే ఎవరో సైకిలు ట్యూబు కట్టారు.
"ఏటి బాబూ, హార్మోనియమా?" అడిగింది
ఒళ్ళో కోడిపెట్టను పెట్టుకున్న ముసలమ్మ.
"గిటారుకి గొంతు" అన్నాను.
కోడిపెట్టకేసి చూసి ఊరుకుంది.

మూతపడిన మెలోడీ పార్టీ గోదాములో
చిరిగిన పందిరి గుడ్డల కింద దొరికింది.
దండపాణి సాహు పన్నెండు వేలన్నాడు.
ఎనిమిదికి తెగాక దాని నెత్తి నిమిరి
ఆవునమ్మినవాడిలా గుణం చెప్పాడు:
"స్పీకరు తగిలించకుండా ఆన్ చెయ్యకు.
పాట బయటికి పోయే దారి లేకపోతే
లోపల్లోపలే కాలి చస్తుంది."

బియ్యం డబ్బా జరిపి కూర్చోబెట్టాను.
వెనక పలక విప్పితే
బొద్దింక గుడ్లు, రంగు పోయిన రాఖీ,
పెన్సిలు రాతలు,
ఒకటి ఒడియాలో, దాని కింద తెలుగులో, మళ్ళీ ఒడియాలో:
ఇచ్ఛాపురం, వాన, ఫ్యూజు.
రాయగడ, దసరా, వాల్వు మార్చాం.
కాశీనగర్, పెళ్ళి, డబ్బులివ్వలేదు.

నేను కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌ని.
పదకొండు వేల ఓల్టుల తీగ కింద
పద్దెనిమిదేళ్ళుగా అన్నం తింటున్నవాణ్ణి.
అయినా ఆ స్విచ్చి నొక్కబోయే ముందు
వెళ్ళి చెప్పులు తొడుక్కొచ్చాను.
కుముదిని చూసింది గాని నవ్వలేదు.

మొదట ఏమీ లేదు.
తర్వాత వాసన: కాలిన దుమ్ము, లక్క,
టూరింగ్ టాకీసు మిషను గది.
తర్వాత నాలుగు గాజుబుడ్లలో గోరంత నారింజ రంగు.
తర్వాత, దూరాన సబ్‌స్టేషను గొణిగినట్టు, గుర్రు.
ఆ గొణుగుడు నాకు తెలుసు.
సెకనుకి యాభై సార్లు.
నేను తీగలు సవరించుకోకముందే
ఊరంతా పట్టుకుని ఉన్న శ్రుతి అదే.

అంకెలు పది దాకా ఉన్నాయి.
గోడ అవతల చంటిబిడ్డ, మేడ మీద పరీక్షల పిల్ల.
ఒకటి దగ్గర అది దగ్గింది.
ఒకటిన్నర దగ్గర, మూడో తీగ ఐదో మెట్టు మీటితే
వంటగదిలో ఏదో జీరగా పలికింది.
మళ్ళీ మీటాను. మళ్ళీ పలికింది.
గిన్నెలన్నిటి మీదా చెయ్యి వేసి చూసింది కుముదిని
జ్వరం చూసినట్టు, ఒక్కొక్కటీ.
దొరికింది: మా అమ్మ పేరు చెక్కిన స్టీలు గ్లాసు.
"ఆవిడే" అంది. "ఎప్పుడూ ఆ ఒక్క మాటకే."
గ్లాసుని తీసి బియ్యంలో గుచ్చింది.

రెండు.
ఇక్కడ ఏ తీగకాతీగ విడిగా ఉంటూనే
అంచులు కరుగుతాయి.
బెల్లం తీగపాకానికి వచ్చే వేళ ఇది.
ఉండపాకానికి ఇంకా మూడంకెలు వెళ్ళాలి,
అద్దెకొంపలో అంత మంట ఎవరు పెట్టనిస్తారు?

మేడ దిగి వచ్చింది మినతి,
పుస్తకంలో వేలు పెట్టుకుని.
తిట్టడానికే అనుకున్నాను.
"గంట నుంచీ వింటున్నాం మావయ్యా,
ఒక్కటీ పూర్తి చెయ్యరేం?
సగం సగం వింటే నిద్రెలా పడుతుందో
అడిగి రమ్మంది మా జేజెమ్మ."

నిజమే.
ఉప్పు చూసేవాడు భోంచెయ్యడు.

సరే కూర్చోమని, మొదటి నుంచీ ఎత్తుకుని
రెండో చరణంలో ఒకచోట తప్పి,
తప్పినట్టు మినతికి తెలీకుండా దాటి
ఆఖరికి వచ్చి
ఆరు తీగలూ ఒక్కసారి మీటాను.

కరెంటు పోయింది.

ఫ్యాను ఆగింది. వీధి ఆరింది.
పెట్టె ఆగలేదు.
ఎక్కడో మిగుల్చుకున్న గుక్కెడు కరెంటుతో
మూడు క్షణాలు, నాలుగు,
స్వరం కొంచెం కుంగి, కొంచెం బరువెక్కి...
గాజుబుడ్లు నారింజ నుంచి ఎరుపుకి దిగుతున్నాయి.

అప్పుడే వీధిలో కేకలు:
"నాయకులు బాబూ! ఓ నాయకులు బాబూ! లైను!"
జేబులో ఫోను కూడా.

లేవబోయాను.
"ఉండండి" అంది కుముదిని చీకట్లోంచి,
"ఇంకా అవలేదు."