పట్టీ లేదు

యోతెబోరిలో నవంబరు.
మూడున్నరకే చీకటి.
వేలంశాల వెనకగదిలో, దీపం కింద,
ముప్పై ఏళ్లుగా నాది ఒకటే పని,
పాత కెమెరాలకు ధర కట్టడం.

తెల్లని నూలు తొడుగులు వేసుకుంటాను.
చెవి దగ్గర పెట్టుకుని షట్టర్ నొక్కుతాను.
సెకనులో ఐదువందలో వంతు
నిజంగా అంతేనా, కాస్త బద్ధకించిందా,
చెవికి తెలిసిపోతుంది.
కటకంలోకి టార్చి వేస్తాను:
బూజు ఉంటే సాలెగూడులా మెరుస్తుంది.

ఇవాళ బల్ల మీద రెండు.
రెండూ జంటకళ్లవే, ఒకే ఫ్యాక్టరీలో ఒకే ఏడు పుట్టినవి.
పై కన్ను చూడ్డానికి,
కింది కన్ను దాచుకోడానికి.

మొదటిది పెట్టెలోంచే లేవలేదు.
కొన్న రసీదు, వారంటీ కాగితం, విప్పని దారం.
ఎవరో పళ్ల డాక్టరు కొని, బీరువాలో పెట్టి,
మంచి వెలుతురు కోసం ఆగి, ఆగి, పోయాడు.
ఒక్క బొమ్మా తీయలేదు.
రాశాను: ఉత్తమం.
అంచనా ముప్పై ఐదు వేల క్రోనార్లు.

రెండోది గున్‌వోర్ హల్‌క్విస్ట్ తెచ్చింది,
రొట్టెల సంచిలో, తువ్వాలు చుట్టి.
వాళ్ల నాన్న ఎవెర్ట్ ఓడల కార్ఖానాలో ఫొటోగ్రాఫరు.
గేటు పాసు కోసం ప్రతి మొహమూ ఇందులోంచే వెళ్లింది:
వెల్డర్లు, రంగులేసేవాళ్లు, వంటశాల ఆడవాళ్లు,
ఫిన్లండ్ పడవ దిగి నేరుగా వచ్చిన కుర్రాళ్లు.
"చుట్టకి పన్నెండు మందే," అంది గున్‌వోర్.
"పదమూడోవాడు కాఫీ తాగి రావాల్సిందే."

ఈ కెమెరాతో ఒక తంటా ఉంది.
నడుము దగ్గర పట్టుకుని, వంగి లోపలికి చూడాలి.
ఎంత గొప్పవాడైనా
తల దించితే గాని మనిషి కనపడడు,
కనపడినా కుడిఎడమలు తారుమారు.
ఎవెర్ట్ ముప్పై ఒక్క ఏళ్లు అలా వంగాడు.
చివర్లో వీధిలోనూ అలాగే నడిచేవాడట,
తన చొక్కా బొత్తాంలో ఎవరో నుంచున్నట్టు.

నా కాగితానికి ఇవేవీ పట్టవు.
తోలు అరిగి బొటనవేలు మేర ఇత్తడి తేలింది: పది శాతం తగ్గింపు.
కటకం అంచున బూజు: ముప్పై.
అడుగున మేకుతో గీకిన పేరు, ఇంటి నంబరు: ఇరవై.

"దొంగలెత్తుకుపోతారని గీకాడు," అందామె.
"చెరిపించమంటారా?"
చెరిపితే ధర ఇంకా పడిపోతుందన్నాను.
కాసేపు నా తొడుగుల వంక చూసింది.
"అంటే, ఎంత వాడితే అంత చవకన్నమాట."
అవునండీ అన్నాను. ఇంకేం అనాలి.

శనివారం వేలం.
పళ్ల డాక్టరుది ఫోన్లలోనే ఎగిరింది.
నలభై రెండు వేలు. సుత్తి దెబ్బ.
ఇక ఇంకో దేశపు బీరువాలో నిద్ర.
ఎవెర్ట్‌ది పదిహేను వందల దగ్గర మొరాయించింది.
వెనక వరసలో ఓ చెయ్యి లేచింది:
హోదన్, నర్సింగు చదువుతోంది,
మోకాళ్ల మధ్య తడిసిన గొడుగు.
పంతొమ్మిది వందలు. అంతే.

కౌంటరు దగ్గరికొచ్చి అడిగింది,
"ఇది పనిచేస్తుందా?"
ఆ రోజు డెబ్బై రెండు వస్తువులు అమ్మాం.
ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే.
మూత తెరిచి, తల వంచింది.
అరిగిన చోట వేలు కుదరలేదు, చిన్న చెయ్యి.
నేను ఒక అడుగు పక్కకి జరిగాను.
లోపల రెండోవైపుకి జరిగి ఉంటాను,
నవ్వింది.

రసీదు రాస్తుంటే నా పాత రాత కంటబడింది:
పట్టీ లేదు. రెండు వందలు తగ్గింపు.

ఉంది.
ఆ రోజు గున్‌వోర్ సంచి మడుస్తుంటే చూశాను,
నల్లబడ్డ తోలు పట్టీ
మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుని
కోటు చెయ్యి దాని మీదికి లాక్కుంది.

నేను అడగలేదు.