రాతి మీద ఆడొద్దు

చీమకుర్తిలో పుట్టినోళ్ళకి
నున్నటి నేలంటే బో మురిపెం.
మీ నాన్న ఏసోబు గ్యాంగ్‌సా కింద కోసిన నల్లరాయి
ఓడెక్కిపోయి ఏ దేశపు హోటల్లోనో అద్దమై పరుచుకుంటుంది.
అంచు విరిగిన పలకలే మనకి మిగిలేది.
అవే వంటగట్లు, అవే వసారాలు,
అవే నీ సాధనకి నేల.

జెరూషా, ఇక చాలు.
ఆ రాతి మీద ఆడొద్దు.

అడుగు దించిన ప్రతిసారీ
మన బరువుని నేల కొంచెం లోపలికి తీసుకోవాలి.
మట్టి తీసుకుంటుంది, చెక్క తీసుకుంటుంది.
రాయి
ఇచ్చింది ఇచ్చినట్టే మోకాటిచిప్పలోకి తిప్పికొడుతుంది.
నాకెట్లా తెలుసంటావా?
మెట్లెక్కుతుంటే ఎండు చింతకాయలా
గలగలమనే ఈ కుడి మోకాలినడుగు.
పందొమ్మిదేళ్ళప్పుడు, ఒంగోల్లో ఒక కల్యాణమండపం,
పాలరాతి స్టేజీ, వరసగా మూడు అంశాలు.
చప్పట్లు బాగానే పడ్డాయి.
తెల్లారి మంచం దిగలేకపోయాను.

మొన్న ఫోన్లో చూపించావే, తెల్లగౌను పిల్ల,
కాలివేళ్ళ కొసల మీద కొంగలా నిలబడ్డ పిల్ల.
మీ అమ్మ బూట్లలో గుడ్డలు కుక్కుకుని
నువ్వూ లేచి చూశావట, నాగూర్‌బీ చెప్పేసింది.
తిట్టన్లే.
ఆ పిల్ల ఆ కొస చేరేదాకా ఎన్నేళ్ళు
గోడపక్క కమ్మీ పట్టుకుని మడమలెత్తి దించిందో
అది వీడియోలో పడదు.
పదకొండేళ్ళ ఎముక సారె మీద కుండ.
తడి ఆరకముందే నీళ్ళు పొయ్యకూడదు.

కిటికీ ఊచ పట్టుకో.
మడమలెత్తు. ఇరవై.
దిగేటప్పుడు నెమ్మది, ఇంకా నెమ్మది.
ఎక్కడం ఎవరికైనా వస్తుంది, దిగడంలోనే ఉంది విద్య.

రాగానే కాళ్ళు చాపి లాగొద్దు.
బెల్లప్పాకం వేడి మీదే పట్టుదారంలా సాగుతుంది,
చల్లారాక లాగితే పుటుక్కుమంటుంది.
ముందు ఆవరణంతా నడువు, చెమట పట్టనీ.
అరమండిలో మోకాలు రెండోవేలి వంక చూడాలి.
పాదాన్ని బలవంతాన పక్కకి తిప్పకు,
తిరగాల్సింది తుంటి దగ్గర.
అది ఈరోజు తిరిగినంతే ఈరోజుకి.

రాత్రన్నం మానేశావట, లావవుతానని.
ఎవరన్నారే ఆ మాట?
సంగటి తిను, గుడ్డు తిను, గుప్పెడు వేరుశనక్కాయలు తిను.
నాక్కావాల్సింది సన్నబడ్డ కాలు కాదు, నిలబడ్డ కాలు.

నొప్పులు రెండు రకాలు.
తొడంతా తీపుగా, బరువుగా ఉండేది
రెండు నిద్రలతో పోతుంది.
ఇదిగో ఇక్కడే అని వేలు పెట్టి చూపించగలిగేది ఇంకొకటి,
అది నాకు చెప్పాలి. ప్రదర్శన రేపైనా సరే, చెప్పాలి.
నేను చెప్పలేదు.

మీ నాన్న వచ్చాడు పోయిన ఆదివారం, గుడి నుంచి కాదులే, చర్చి నుంచి తిన్నగా.
అంతా విని నేల వంక చాలాసేపు చూశాడు.
"నేను కోసిన రాయిలో అంత తప్పుందా మేడం?"
రాయిది తప్పు కాదు ఏసోబూ, అన్నాను.
ఇంకేం చెప్పాలో తోచలేదు.
ఆయన టీ సగంలోనే లేచిపోయాడు.

ఈ పొద్దున ట్రాలీ ఆటో ఆగింది.
పలకలు ఓడెక్కించే పెట్టెల చెక్క,
మీద బాణం గుర్తులు, సగం చెరిగిన అంకెలు, మేకుల చిల్లులు.
కింద వేయడానికి పాత లారీ టైరు ముక్కలు.
ఒక్కో పలకనీ దించి, చెంప ఆనించి, ఆ కొసనుంచి ఈ కొసకి జరుపుతున్నాడు.
ఏందయ్యా అది అంటే,
"రాతిపొడికి నా అరచేయి మొద్దుబారింది మేడం,
పేళ్ళుంటే తెలవదు. పిల్లలకి గుచ్చుకుంటాయి."

మధ్యాహ్నానికి నేల తయారు.
నువ్వు దూకబోయావు, రెక్క పట్టి ఆపాను.

చెప్పులు విడిచి
ఆ కుడికాలే ముందు పెట్టాను.
కొంచెం లోపలికి తీసుకుంది.

సరే, పా.
మడమలెత్తు. ఒకటి.