నాలుగో మ

గడియారం చౌరస్తా కాడ, జిరాక్సు మిషను పక్కన
పేజీకి పదిహేను రూపాయల కుర్చీ నాది.
ఇంట్ల ఉర్దూ, వేళ్లల్ల తెలుగు.
మద్దిలేటి సారు సంచిల నుంచి కాయితాలు తీసి
ఫ్యాను గాలికి లేవకుండ వాటి మీద మానిక పెడతడు.
ఇత్తడిది. అంచు ఒక్క దిక్కే అరిగింది.

ఆ అరుగుడు మీద ఆయన రాసింది పదకొండు పేజీలు.
గింజలు కొలిచి తీసుకునే మానిక వేరట,
కూలికి కొలిచి పోసే మానిక వేరట,
రెంటికీ పేరు ఒక్కటేనట.
ఈ అంచు, బొటనవేలు అడ్డంపెట్టి
రాశి తల కొట్టీ కొట్టీ అరిగిందట.
అది టైపు కొట్టిన పొద్దు, రేషన్ దుకాణంల
కాంటా ముల్లునే చూసుకుంట నిలబడ్డ.

ఇగ పాటల కట్ట.
కోయిలకొండ దిక్కు ఉప్పరి ఆశమ్మ
చెరువు మట్టి మోస్త పాడినవి.
తట్ట నెత్తికెత్తిన కాడ ఊపిరి తెగుతది,
ఊపిరి తెగిన కాడ పాదం తెగుతది.
'ఈ యతి పండితుడు పెట్టింది కాదు,
మెడనరం పెట్టింది' అని రాసిండు సారు.

'వస్తున్నాను' అని దిద్దిన.
ఎర్ర పెన్సిలు: వొస్తున్న.
దగ్గు తీసేసిన.
ఎర్ర పెన్సిలు: దగ్గు ఏది?
మేక అరుపు ఎందుకని అదీ తీసేసిన.
మార్జిన్ల, నిలువుగ, చిన్న అక్షరాలతోటి:
మేకను ఎందుకు తోలినవు బిడ్డా,
అది గూడ ఆ పొద్దు ఆడనే ఉన్నది.

ఆయన నోటితోని మాట్లాడేది తక్కువ.
అడిగితే తల ఊపుతడు, లేకుంటే పెన్సిలు తీస్తడు.
బాగ చదివినోళ్లు అట్లనే ఉంటరేమో అనుకున్న.

ఒకసారి వాన పడి నాలుగు కాయితాలు అలుక్కుపోయినయి.
క్యాసెట్టే తెచ్చి బల్ల మీద పెట్టిండు, ఇని కొట్టుమన్నట్టు.
చెవులకు తగిలించుకున్న.
గరగర. మేక. ఆశమ్మ దగ్గు.
తర్వాత ఎవరో పడుచు గొంతు,
బురదల దిగిన బండి చక్రం లెక్క
'మ' కాడ కూరుకపోయి, పెనుగులాడి,
"మట్టి ఎవరు తవ్విన్రమ్మా?"
ఆశమ్మ తొందర పెట్టలే.
నవ్వలే. మాట అందియ్యలే.
ముందటి మనిషి తట్ట దించేదాక ఆగినట్టు ఆగింది.

పాత ఫైలు తెరిచి చూసిన.
ముప్పై పేజీల పొడుగూత సారు ప్రశ్నలు
ఇస్త్రీ చేసిన అంగీల లెక్క ఉన్నయి.
ప్ర: మట్టి ఎవరు తవ్వారు?
ప్ర: ఆ పాట ఎవరు నేర్పారు?
ఒక్క మడత లేదు.

కరెంటు పోయింది. వచ్చింది.
మ-మ-మట్టి, అని కొట్టిన.

తెల్లారి సారు స్టూలు మీద కూసొని
ఆ పేజీ కాడ ఆగిండు.
మానిక పక్కకు జరిపి
కాయితం వెలుతురుకు పట్టిండు.
పెన్సిలు తీసిండు. నేను కీబోర్డు దిక్కు చూసుకుంట ఉన్న.

కొట్టేయలే.
'మ'లను వేలుతోటి లెక్కపెట్టి
పక్కన, ఎర్రగ, ఇంకొకటి రాసిండు.